బ్యాటరీ వైరు

సకల జనుల సమ్మె షురువై పదిహేను రోజులు దాటంగనే నా కారుకు నెల నిండవచ్చింది. పిల్లలకు నెల నిండితే సంబురం. కారుకు నిండితే మొదటి సర్వీసు. నెల రోజులు గాని, వెయ్యి కిలోమీటర్లు గాని, ఏది ముందుగాల అయితే గది. గీ ముచ్చట కారుతోని ఇచ్చిన పుస్తకంల తొమ్మిదో పేజీల ఉన్నది. నౌకరి పరీక్షకు చదివిన పుస్తకాలను గూడ నేను గన్ని సార్లు తిరగెయ్యలే.

నవ్వితే నవ్వున్రి. మాది పెగడపల్లి. మా నాయిన నేను ఐదో తరగతిల ఉన్నప్పుడే పోయిండు. మా అవ్వ ఐలవ్వ కైకిలికి పోయి నన్ను చదివిచ్చింది. సీటుకు ప్లాస్టిక్ కవరు గూడ తియ్యని కొత్త వస్తువు మా ఇంటికి వచ్చుడు గదే మొదలు. సర్కారు బడిల పంతులు నౌకరి దొరికినంక జగిత్యాల్ల కిరాయింట్లకు మారి, బ్యాంకు లోను మీద తెల్ల కారు తీసుకున్న. పొద్దున లేచి ముందుగాల దాని మొఖమే చూసేటోన్ని. నా భార్య సరిత పండ్లు తోముకుంట తలుపు కాడ నిలవడి, దానికి గూడ చాయ్ పొయ్యమంటవా అని అడిగేది.

కారు కొనేటప్పుడు నా ఎంబడి కరీంనగర్ వచ్చింది అన్వర్ భాయ్. కోరుట్లల మెకానిక్. ఇంటర్ చదివిన రెండేండ్లు నేను ఆయన షెడ్డెనక అర్రల ఉన్న. ఒక్క నెల కిరాయి తీసుకోలే. ఆయన భార్య హఫీజా బేగాన్ని నేను భాభీ అంట. పొద్దున రొట్టె, మాపటికి అన్నం, పరీక్షలప్పుడు తలకు నూనె. వాళ్లకు పిల్లల్లేరు. కొడుకు అని ఏనాడు నోటితోని అనలేదు గాని, నాకు జరమొస్తే ఆమె తినేది కాదు.

ఆ జరం ముచ్చటనే ఒకటి చెప్పాలె, అన్వర్ భాయ్ ఎసొంటోడో తెలవాలంటే. ఒకనాడు నాకు పానం కాలిపోతున్నది, బయట వాన దంచి కొడ్తున్నది. షెడ్డుల గిరాకీలు ఇడిసిపెట్టి పోయిన జీపులు, కార్లు కలిపి ఎనిమిదున్నయి. తాళాలన్ని మేకుకే ఏలాడుతున్నయి. ఆయన మాత్రం నన్ను టార్పాలిన్ల చుట్టి, తన టీవీఎస్ మీద కూసోవెట్టుకొని దవాఖానకు తీస్కపోయిండు. గన్ని కార్లుండంగ గిదేంది భాయ్ అంటే, అవి నమ్మి పెట్టిపోయిన బండ్లు తమ్మి, నా పనికి వాటి గిర్ర తిరిగితే చోరీయే అన్నడు. ఆయనకు గది ఒక పట్టింపు. గిరాకీ బండి షెడ్డుల ఉంటే షెడ్డులనే ఉంటది.

కరీంనగర్ షోరూముల ఆయన నా కారు చుట్టూ రెండు సార్లు తిరిగి, ఇంజను స్టార్ట్ చేపిచ్చి, కండ్లు మూసుకొని విని, మంచిగున్నది తీస్కో అన్నడు. నాకు సంబురం ఎక్కువై, ఎవ్వలు అడగకముందే ఒక మాట నోరు జారిన. మొదటి సర్వీసు నీ చేతి మీదనే భాయ్ అన్న. కొత్త బండి, కంపెనీ వాళ్లుంటరు గదా, చూద్దాం తియ్యి అన్నడు గాని, ఆయన మొఖం ఎలిగిపోయింది. అన్వర్ అంటే పాత జీపులకు, అంబాసిడర్లకే, కొత్త బండ్లన్ని కరీంనగర్ పోతున్నయని కోరుట్లల నలుగురు అనుకునే రోజులవి. వారానికి భాభీ ఫోన్ చేసి, నీ అన్న షెడ్డుకు సున్నమేపిస్తున్నడు, నీ కారు వస్తదట గదా అని నవ్వింది. గప్పుడు నేను గూడ నవ్విన.

ఇగ సమ్మె వచ్చింది. బడులు బంద్, దఫ్తర్లు బంద్, బస్సులు డిపోలల్లనే పండుకున్నయి. బొగ్గు బాయిలు బంద్ కావట్టి కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెలవది. జగిత్యాల తహసీల్ చౌరస్తల పంతుళ్లందరం టెంటు ఏసుకొని పొద్దంత కూసునేది. పొద్దున నినాదాలు, పగటికి పాటలు, మూడు దాటితే ఇగ ముచ్చట్లే. తెలంగాణ ఎన్నడొస్తదన్న ముచ్చట ఒడువంగనే నా కారు సర్వీసు ఏడ చేపియ్యాలన్న ముచ్చట ఎత్తుకునేటోళ్లు. ఒకాయన కరీంనగర్ షోరూమే అన్నడు. ఇంకొకాయన నిజామాబాద్ ల మంచిగ కడుగుతరన్నడు. మూడో ఆయన షోరూముల పని చేసి ఇడిసిపెట్టినోడు జగిత్యాల్లనే షెడ్డు పెట్టిండని చెప్పిండు. నేను మెల్లగ, కోరుట్ల అన్వర్ భాయ్ కాడికి తీస్కపోదామనుకుంటున్న అన్న.

మార్కండేయులు సారు తాగుతున్న చాయ్ కింద పెట్టిండు. ఆయనకు కారు లేదు గాని కార్ల మీద తెలివికి కొదువ లేదు. "బయటోడు ఒక్క నట్టు తిప్పినా వారంటీ మీద ఆశ ఇడువు శ్రావణ్," అన్నడు. వాళ్ల బామ్మర్ది కారు గేరు బాక్సు పోతే కంపెనోళ్లు నట్టు మీద పాన పెట్టిన గీత చూపిచ్చి, ఇది మేం చేసింది కాదు, మాకు సమ్మందం లేదన్నరట. పాపం ఆ మనిషి బండి అమ్ముకున్నడట. టెంటు కింద ఉన్న పంతుళ్లంత నా దిక్కు జాలిగ చూసిన్రు. మాటిచ్చిన సార్ అంటే, మాటిచ్చుడు వేరు, గేరు బాక్సు వేరు అన్నడు.

ఇంటికొచ్చి తొమ్మిదో పేజీ మళ్ల చదివిన. బయట చేపిస్తే వారంటీ పోతదని గా పేజీల రాసి లేదు. పోదని గూడ రాసి లేదు. నా భయానికి గది సాలింది. కరీంనగర్ కు ఫోన్ చేసి బేస్తవారం పొద్దున తొమ్మిదిన్నరకు పేరు రాపిచ్చిన. నెల నిండేది ఆ బేస్తవారమే. అన్వర్ భాయ్ రెండు సార్లు ఫోన్ చేసి, ఎప్పుడు తెస్తున్నవు తమ్మి అని అడిగిండు. సమ్మెల తీరుతలేదు భాయ్, దసరా పండుగ ఎల్లినంక తెస్త అన్న. నెల దాటితే ఎట్లరా అని ఆయన అననే లేదు. తారీఖులు ఆయనకు తెల్వకనా, నా మాట మీద నమ్మకమా, నాకు ఇప్పటికి సమజ్ కాదు.

బుధవారం పొద్దు గూకేటాళ్లకు ఫోన్ మోగింది. బతుకమ్మ పేర్చిన తాంబాలం పట్టుకొని సరిత అప్పుడే బయటికి పోయింది. అవ్వ ఆమె ఎంబడి పోయింది. ఇంట్ల నేనొక్కన్నే.

"శ్రావణ్, సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మా అత్త ఇయ్యాల రేపు అన్నట్టున్నది. నీ భాభీ ఒక్క తీరుగ ఏడుస్తున్నది," అన్నడు అన్వర్ భాయ్. "రేపు పొద్దుగాల్ల నీ కారు తేవాలె తమ్మి."

భాభీకి నడుము ఆపరేషనై రెండు నెలలైతున్నది. టీవీఎస్ మీద కూసునే తీరుగ లేదు. బస్సుల్లేవు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదికెల్లి సిరిసిల్లకు డెబ్బై కిలోమీటర్ల దాక ఉంటది. షెడ్డుల మళ్ల నాలుగైదు కార్లు ఉండే ఉంటయి. వాటిని ఆయన ముట్టడు. ఆ మనిషి నోరు తెరిచి నన్ను ఒకటి అడుగుడు గదే మొదటిసారి.

రేపు సర్వీసు ఉన్నది భాయ్ అని చెప్పొచ్చు. చెప్తే ఏడ అంటడు. కరీంనగర్ అనాలె. పండుగ ఎల్లినంక నీ కాడికే తెస్తనన్న మాట ఏమైందని ఆయన అడగడు, కని ఆ సున్నమేసిన షెడ్డు నా కండ్ల ముందటికొచ్చింది. సర్వీసు తప్పిపోనీ, పోతె పోనీ అని అనొచ్చు. గది నోటి దాక రాలే. టెంటు కింద పంతుళ్లంత నన్ను జాలిగ చూసిన చూపు యాదికొచ్చింది. నోట్లకెల్లి ఇంకో మాట ఎల్లింది.

"కారు స్టార్ట్ అయితలేదు భాయ్."

మెకానిక్ తోని కారు కరాబైందని అబద్ధమాడిన మొగోన్ని దునియాల నేనొక్కన్నే అయి ఉంట. ఆయన గొంతు ఒక్కసారే మారింది. అత్త ముచ్చట ఇడిసిపెట్టి, సెల్ఫ్ కొడితే సప్పుడొస్తుందా లేదా అని అడిగిండు. టక్ టక్ మంటుంది అన్న. లైట్లు ఎట్లున్నయి అన్నడు. డిమ్ముగున్నయి అన్న. హారన్ మోగుతుందా అన్నడు. సన్నగ మోగుతుంది అన్న. బడికి ఎగ్గొట్టెటందుకు కడుపునొప్పి అని చెప్పే పిల్లగాని తీరుగ ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిన. బయట బండి కడిగినంక తళ తళ మెరుస్తున్నది.

"బ్యాటరీ కాడనే ఉన్నది. పరేషాన్ గాకు తమ్మి. నువ్వైతే ఏం ముట్టకు," అని ఫోన్ పెట్టేసిండు.

ముట్టకు అన్నడంటే ముట్టెటందుకు ఆయన వస్తడని ఎవనికైనా తెలవాలె. నాకు తట్టలే. ఇంకో బండి చూసుకుంటడు, చుట్టాల్లేరా, దోస్తుల్లేరా అని నాకు నేనే చెప్పుకున్న. పొద్దున ఆరున్నరకే కారు తీసిన. కోరుట్ల నుంచి మళ్ల ఫోన్ వస్తే ఇంజను సప్పుడు ఇనవడ్తదని ఫోన్ బంద్ చేసి జేబుల ఏసుకున్న.

కరీంనగర్ తోవల గంగాధర కాడ రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజులల్ల అన్నం వండుతున్నరు. రెండు దిక్కుల బండ్లు ఆగి ఉన్నయి. నా కారు అద్దానికి టెంటు కాడ ఇచ్చిన కాగితం అతికిచ్చి ఉంది. ఉపాధ్యాయ జేఏసీ, అత్యవసరం అని ఎర్ర అక్షరాలతోని. సమ్మె పని మీద తిరిగెటోళ్లకు ఇచ్చిన కాగితం అది. వాళ్లు దాన్ని చూసి, జై తెలంగాణ అని పొయ్యి కట్టెలు పక్కకు జరిపి తోవ ఇచ్చిన్రు. ఒక పెద్దమనిషి మోదుగాకుల దొప్పల పులిహోర పెట్టి కిటికీలకెల్లి ఇచ్చి, ఎక్కడిదాక పోతున్నరు సారూ, జాగ్రత్త అన్నడు. కరీంనగర్ మీటింగుకు అన్న. పులిహోర తిన్న. ఇంకా పొద్దున ఎనిమిది గూడ కాలే, అప్పటికే రెండో అబద్ధం.

షోరూముల కరెంటు లేదు. సర్వీసు చూసే పిల్లగాడు నా పుస్తకం తిరగేసి, ఇంత కష్టపడి ఇయ్యాలనే ఎందుకొచ్చిన్రు సార్ అన్నడు. నెల ఇయ్యాలటితోని నిండుతది గదా అన్న.

"సమ్మె ఉన్నది గదా సార్, అందరికి తారీఖు నెల రోజులు ముందటికి జరిపినం. మెసేజ్ పెట్టినం, చూసుకోలేదా?"

ఫోన్ బంద్ ఉన్నదని చెప్పిన. మెసేజ్ వారం కిందనే వచ్చిందని తర్వాత చూసుకున్న. లోను గురించో, రింగ్ టోన్ గురించో అనుకొని తెరవనే లేదు. కారును లోపలికి తీస్కపోయి, నీళ్లు కొట్టి, నట్లు బిగిచ్చి, పుస్తకంల ముద్రేసి ఇచ్చిన్రు. గాలి లేని ఆ అర్రల కుర్చీల కూసోని చెమటలు తుడుచుకుంట, ఇప్పుడే లేచి కోరుట్ల పోదునా అని ఒకసారి అనుకున్న. తెల్లారకముందే, మబ్బుల్నే ఎల్లిపోయి ఉంటరు తియ్యి అని మళ్ల కూసున్న.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. అవ్వ గడప మీద కూసోని తంగేడు పూలు ఏరుతున్నది. అన్వర్ వచ్చిండు కొడుకా అన్నది.

నేను తాళాలు చేతుల పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఎనిమిది గొట్టంగ వచ్చిండట. టీవీఎస్ ఎనకకు కొత్త బ్యాటరీ తాళ్లతోని కట్టుకొని, సామాన్ల సంచి మెడకు ఏసుకొని. కారేది అవ్వా అని అడిగిండట. సర్వీసుకు కరీంనగర్ తీస్కపోయిండని అవ్వ చెప్పింది. లారీ ఎక్కిచ్చిండా, గుంజుకపోయిన్రా అని అడిగిండట. లారీ ఎందుకు బిడ్డా, తనే తోల్కపోయిండు, తెల్లారంగనే దానికి తానం పోసి మరీ తోల్కపోయిండు అన్నదట మా అవ్వ. ఆమెకేం తెలుసు.

"కొంచెం సేపు గా రాయి మీద కూసున్నడు. నీళ్లిస్తే తాగిండు. బ్యాటరీ తాడు మళ్లొకసారి బిగిచ్చుకొని పోయిండు," అన్నది. నా మొఖం చూసింది. "ఏం చెప్పినవురా ఆయనకు?"

చెప్పిన. అంత చెప్పిన. అవ్వ పూలు ఏరుడు బంద్ చేసింది. నన్ను తిట్టలే. తిట్టే మనిషే, కని తిట్టలే. "గా బ్యాటరీ ఎంత బరువుంటదిరా," అని మాత్రం అడిగింది. గా దినం నుంచి ఇప్పటి దాక మా అవ్వ నా కారు ఎక్కలే. ఎందుకని నేను అడగలే.

మాపటికి ఫోన్ చేస్తే అన్వర్ భాయ్ బామ్మర్ది ఒవైస్ ఎత్తిండు. అమ్మీ రెండింటికి పోయిందని చెప్పిండు. అక్క, బావ నాలుగింటికి వచ్చిన్రు, ఆటోల వచ్చిన్రు అన్నడు. నేను ఫోన్ పట్టుకొని లెక్క కట్టిన. జగిత్యాల దాక వచ్చి మళ్ల కోరుట్ల చేరేటాళ్లకు పదిన్నర. ఆటో దొరికేటాళ్లకు పదకొండున్నర. రుద్రంగి కాడ రాస్తారోకోల గంటన్నర ఆపిన్రట. నేను ఫోన్ల కారు లేదు అని ఒక్క మాట సక్కగ చెప్పి ఉంటే ఆయన తెల్లారంగనే ఆటో మాట్లాడుకొని, పది పదకొండింటికి సిరిసిల్లల ఉండేటోడు. నా కారు పోయి ఉంటే ఇంకా ముందుగాలనే ఉండేటోడు, రుద్రంగి కాడ ఎర్ర అక్షరాల కాగితం చూసి తోవ ఇచ్చేటోళ్లు. ఎటు తిప్పి కట్టినా లెక్క నా కాడికే వస్తున్నది.

మూడో దినం సిరిసిల్ల పోయిన. అవ్వను రమ్మన్న. నువ్వు పోయి ఆమె ముందట నిలవడి రా, నేను బస్సులు నడిచినంక పోత అన్నది. తోవ పొడుగుత ఒక్కటే అనుకున్న. అంత చెప్పేస్త. కాళ్లు పట్టుకుంట. ఎంత తిడితే అంత తిట్టనీ.

ఒవైస్ వాళ్ల గల్లి సాంచాల నడుమ ఉంటది. ఎప్పుడు పోయినా మనిషి మాట ఇనవడకుండ మరమగ్గాలు దడదడలాడుతుంటయి. గా దినం కరెంటు లేక గల్లి గల్లి నిమ్మలంగున్నది. కారు ఇంటి ముందట ఆపంగనే అన్వర్ భాయ్ ఒక్కడే బయటికొచ్చిండు. గడ్డం మాసి ఉన్నది. నా చెయ్యి పట్టుకొని గోడ దిక్కు తీస్కపోయిండు.

"ఇంట్ల నేనొక మాట చెప్పిన. నువ్వు దాని మీదనే ఉండు. నేను జగిత్యాల వచ్చిన, నీ కారు నిజంగనే స్టార్ట్ కాలే, కంపెనీ బండి గనుక నేను ఇంజను మూత తియ్యలే. గంతే."

"భాయ్, నన్ను తిట్టు," అన్న. నాకు ఏడుపొస్తున్నది.

"తిడితే నీ బరువు హల్కగైతది," అన్నడు. కోపం లేదు ఆ గొంతుల. "ఆమెకు ఒక్క ఏడుపు సాలు తమ్మి. నువ్వు గిట్ల చేసినవని తెలిస్తే రెండోది షురువైతది. నీకు పెట్టిన అన్నం కాడికెల్లి అన్ని యాదికొస్తయి. నాకు గది వద్దు."

లోపలికి పోయిన. భాభీ చాప మీద గోడకు ఒరిగి కూసున్నది. నడుముకు పట్టీ ఉన్నది. నన్ను చూసి జరుగుమని పక్కామెకు చెప్పి, చాప మీద చోటిచ్చింది. నేను తయారు చేసుకొని పోయిన మాటలన్ని అన్వర్ భాయ్ గోడ కాడనే గుంజుకున్నడు. భాభీయే మాట్లాడింది. మా అమ్మ మూడు సార్లు అడిగిందట తమ్మి, హఫీజా వచ్చిందా అని, మూడోసారి అడిగి తలుపు దిక్కు తిరిగి పండుకున్నదట అని చెప్పింది. నేను తల వంచుకున్న. "నువ్వేం జేస్తవు. మిషన్ గదా. నీ అన్న చెప్పిండు, నువ్వు చాన పరేషానైనవట," అని నా భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి తీసేదాక నా పానం నిలవలే.

చాయ్ తాగి లేచిన. మూడో దినం ఫాతిహాకు వచ్చిన చుట్టాలంత వాకిట్ల ఉన్నరు. భాభీ గోడ పట్టుకొని గడప దాక వచ్చింది. కారు చూసి, బాగైందా తమ్మి అని అడిగింది. ఏదో అయింది భాభీ అన్న. ఆమెకు గుబులైంది. మళ్ల తోవల ఆగితే ఏం జేస్తవు, ఆటోలు గూడ దొరకయి, ఆగు అన్నది. వాళ్లిద్దరు ఉర్దూల మాట్లాడుకుంటరు గాని నా ముందట ఎప్పుడు తెలుగే. "జర మూత తీసి చూడున్రి, అంత దూరం పోవాలె," అని అన్వర్ భాయ్ కు చెప్పింది.

అన్వర్ భాయ్ ఆమె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. పది మంది నిలవడి ఉన్నరు. వద్దంటే ఏమని చెప్తడు. నేను కార్ల కూసోని లోపలికెల్లి మూత పిన్ను గుంజిన. ఆయన మూత ఎత్తిండు. మూత అవతల ఆయన మొఖం నాకు కనవడలే. ఏమీ రోగం లేని ఇంజను ముందట ఆయన ఎంతసేపు వంగి నిలవడ్డడో. చేతుల సామాను గూడ లేదు. తర్వాత, స్టార్ట్ చెయ్యి అన్నడు. చేసిన. ఎందుకు కాదు, ఒక్క చిటికెల అయింది. వాకిట్ల ఉన్న ముసలాయన మాషా అల్లా అన్నడు.

"ఏమైండె?" అని అడిగింది భాభీ.

అన్వర్ భాయ్ చేతులు తుడుచుకున్నడు. ఆయన అబద్ధానికి అలవాటు లేని మనిషి. గా గడియకు చేతికి దొరికిన చిన్న రోగం చెప్పిండు. "బ్యాటరీ వైరు లూజున్నది. బిగిచ్చిన," అన్నడు.

భాభీ గడప మీద అట్లనే నిలవడ్డది. "గింతనేనా?" అన్నది.

ఆయన తలూపిండు.

"ఆ దినం కొత్త బ్యాటరీ కట్టుకొని పోయిన్రు గదా. మూత తీసి చూస్తే గీ వైరు కనవడకపోవునా?"

"కంపెనీ బండి గదా అని... నేను ముట్టలే," అన్నడు. తను చెప్పిన మాట తన మీదికే వచ్చిందని ఆయనకు అప్పుడు తెలిసింది. నాకు గూడ అప్పుడే తెలిసింది.

"ఒక్క వైరు," అన్నది భాభీ. గొంతు లేవలే. "మా అమ్మ మూడు సార్లు అడిగింది." గోడ పట్టుకొని మెల్లగ లోపలికి పోయింది. ఆడోళ్లు ఆమె ఎనుక పోయిన్రు.

నేను కార్ల కూసోనే ఉన్న. అద్దం దించే ఉన్నది. అన్వర్ భాయ్ నాకు నాలుగడుగుల దూరంల మూత మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. వైరు లూజు లేదు భాభీ, నేనే అబద్ధమాడిన అని ఒక్క కేకేస్తే లోపలికి ఇనవడ్తది. మగ్గాలు గూడ నడుస్తలేవు, అంత నిమ్మలంగున్నది గల్లి. నేను నోరు తెరిచిన గూడ. పోయొస్త భాయ్ అన్న. ఆయన మూత నొక్కి పెట్టి, పక్కకు జరిగి తోవ ఇచ్చిండు.

భాభీ నలభై దినాల దాక సిరిసిల్లలనే ఉన్నది. నలభై దినాలు ఎల్లినంక గూడ మూడు నెలలు ఉన్నది. ఒవైస్ బతిలాడి పంపితే కోరుట్ల వచ్చింది. వచ్చింది గాని, ఆ ఇంట్ల మునుపటి ముచ్చట్లు రాలే. అన్నం పెడ్తది, బట్టలు ఉతుకుతది, అడిగిన దానికి జవాబు చెప్తది. అన్వర్ భాయ్ పొద్దున చాయ్ షెడ్డుకే తెప్పిచ్చుకొని తాగవట్టిండు.

సమ్మె ఒడిసింది. మూడేండ్లకు తెలంగాణ వచ్చింది. కారు వారంటీ అయిపోయింది, ఒక్క నట్టు గూడ కరాబు కాలే. తర్వాత జగిత్యాల, సిరిసిల్ల దేనికదే జిల్లాలైనయి. ఇప్పుడు కారును అన్వర్ భాయ్ కాడికే తీస్కపోత. అందరి బండ్ల తీరుగనే దాన్ని గూడ సక్కగ చేసిస్తడు. ఆయన చెప్పద్దన్నడు గనుకనే చెప్తలేనని చాన రోజులు అనుకున్న. గది గూడ అబద్ధమే. ఆయన ఇయ్యాల చెప్పుమన్నా నాకు నోరు రాదు. భాభీ చాప మీద నాకు జరిగి చోటియ్యకపోతే ఎట్లనో నాకు తెల్వది, తెలుసుకునే ధైర్యం లేదు.

కారు పని అయ్యేదాక నేను లోపల కూసుంట. భాభీ చాయ్ ఇస్తది. వాళ్లమ్మ ముచ్చట తీస్తది. ఏండ్లు గడిచినా ఆ ముచ్చట తియ్యకుంట ఉండది. "నువ్వే చెప్పు తమ్మి, నువ్వు గూడ ఆడనే ఉంటివి, నీ కండ్లతోని చూస్తివి. ఒక్క వైరు. మూత ఎత్తి చూస్తే అయిపోయేది. ఆ మనిషి చెయ్యి రాకపాయె," అంటది. తడిక అవతల షెడ్డుల అన్వర్ భాయ్ పాన చప్పుడు ఆగుతది. మా మాటలు ఆయనకు ఇనవడ్తనే ఉంటయి.

"అవును భాభీ," అంట నేను.